పక్షవాతం వచ్చిన చేతిని కీళ్లవాతం ఎందుకు వదిలేసింది? న్యూరోపెప్టైడ్‌లు, టోల్ గ్రాహకాల మీద చర్చ

హనుమకొండ విద్యార్థిని · ఆదివారం, రాత్రి 9:12

సభ్యులందరికీ నమస్కారం. నేను బయోటెక్నాలజీ ఎమ్మెస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. సహజ రోగనిరోధక వ్యవస్థకు చెందిన టోల్ గ్రాహకాల మీద, అంటే సూక్ష్మజీవుల జాడను పట్టి కణాన్ని మేల్కొలిపే ప్రోటీన్‌ల మీద, వచ్చే వారం తరగతిలో సెమినార్ ఇవ్వాలి. ఆ పాఠం చదువుతున్న రోజుల్లోనే ఇంట్లో ఒక విషయం నా కంటపడింది. రెండింటికీ సంబంధం ఉందనిపించి ఇక్కడ అడుగుతున్నాను.

మా మేనత్తకు తొమ్మిదేళ్ల కిందట పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. కాలు కొంత తిరిగి వచ్చింది కాని చెయ్యి రాలేదు. నిరుడు వానకాలంలో ఆమెకు కీళ్లవాతం మొదలైంది. పరీక్షలు చేసి రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే సొంత రోగనిరోధక వ్యవస్థే కీళ్లను దెబ్బతీసే జబ్బు, అని చెప్పారు. ఈ జబ్బు రెండు చేతులకూ జోడుగా వస్తుందని పుస్తకంలో చదివాను. ఆమె విషయంలో అలా జరగలేదు. నిన్న ఆమె రెండు చేతులనూ ఒక తెల్ల తువ్వాలు మీద పక్కపక్కన పెట్టించి చూశాను. ఎడమ చేతి చూపుడువేలు, నడిమివేలు మొదట్లో ఉన్న కణుపులు ఉబ్బి, చర్మం బిగుసుకొని మెరుస్తున్నది. పిడికిలి పట్టమంటే ఆ రెండు కణుపుల నడుమ ఉండాల్సిన పల్లం కనిపించలేదు. మణికట్టు పైభాగం మెత్తగా, వెచ్చగా తగిలింది. కుడి చేతి కణుపులు సన్నగా, చల్లగా, వాపు అన్నదే లేకుండా ఉన్నాయి. ఎడమ చేతి గాజులు సంక్రాంతికి ముందే తీసేశారు, మళ్లీ ఎక్కలేదు. పడిపోయిన చేతికి మాత్రం గాజులు అట్లాగే ఉన్నాయి.

రెండు చేతుల్లో పారే రక్తం ఒకటే, ఆ రక్తంలో తిరిగే యాంటీబాడీలూ ఒకటే. అలాంటప్పుడు తేడా నరాల దగ్గరే ఉండాలి కదా? నరాలు టోల్ గ్రాహకాల మీద ఏ విధంగా పనిచేస్తాయో తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

వరంగల్ కీళ్ల వైద్యుడు · ఆదివారం, రాత్రి 10:05

అమ్మా, మీరు చూసింది నిజమే, మీరొక్కరే చూసిందీ కాదు. ముందు పక్షవాతం వచ్చి, ఆ తర్వాత కీళ్లవాతం మొదలైనవారిలో చచ్చుబడిన వైపు కీళ్లు చాలావరకు వాపు తప్పించుకుంటాయని 1960ల నుంచే వైద్య పత్రికల్లో నమోదై ఉంది. చిన్నప్పుడు పోలియో వచ్చిన కాలి విషయంలోనూ ఇదే సంగతి రాశారు. నా దగ్గర చూపించుకున్నవారిలో ఇలాంటి వాళ్లను ఇద్దరిని చూశాను. ఒకామె బీడీలు చుట్టి బతికిన మనిషి. రెండు చేతులతోనూ ముప్పై ఏళ్లు ఒకే పని చేసింది, జబ్బు మాత్రం కదలిక మిగిలిన చేతినే పట్టుకుంది.

దీని వెనుక నరం పాత్ర ఉందని చెప్పే తొలి గట్టి ప్రయోగాల్లో ఒకటి 1984 నాటిది. ఎలుకల్లో కృత్రిమంగా కీళ్లవాతం కలిగించినప్పుడు ఏ కీళ్ల వాపు ఎక్కువగా ఉంటుందో, ఆ కీళ్లకు వెళ్లే నరాల్లో సబ్‌స్టెన్స్ పి అనే పెప్టైడ్ కూడా ఎక్కువగా ఉంటుందని జాన్ లెవైన్ బృందం చూపించింది. ఆ పెప్టైడ్‌ను మోకాలి కీలులోకి ఎక్కిస్తే అక్కడి జబ్బు ముదిరింది. నొప్పి కబురును మెదడుకు చేరవేసే తీగ అని మనం అనుకునే నరం, తన కొసల నుంచి కణజాలంలోకి రసాయనాలను వదులుతుంది. కబురు పైకి పోతుంది, రసాయనం కిందకు దిగుతుంది. ఆ రసాయనాల్లో చిన్న ప్రోటీన్ ముక్కల వంటివే న్యూరోపెప్టైడ్‌లు.

టోల్ గ్రాహకాల సంగతి ప్రయోగశాలలో పనిచేసినవారు చెబితే బాగుంటుంది.

మంచిర్యాల ఫిజియో · సోమవారం, ఉదయం 6:40

డాక్టర్ గారి మాట మీద గౌరవంతోనే రెండు అభ్యంతరాలు చెప్పదలచుకున్నాను.

మొదటిది, పడిపోయిన చేతికి పని లేదు. కీలు కదలనప్పుడు దాని మీద బరువు పడదు, లోపలి పొర ఒరుసుకోదు. వాపు రాకపోవడానికి ఆ విశ్రాంతి ఒక్కటే చాలదా?

రెండోది మరింత ముఖ్యం. పక్షవాతంలో దెబ్బ తగిలేది మెదడుకు. చేతిలోని స్పర్శ నరాల కణదేహాలు వెన్నుపాము పక్కనున్న గ్యాంగ్లియన్‌లు అనే నాడీకణాల ముడుల్లో ఉంటాయి, వాటికి ఏ నష్టమూ జరగదు. అంటే ఈ అమ్మ మేనత్త గారి కుడి చేతిలో సబ్‌స్టెన్స్ పి ఉన్న నరాలు ఇప్పటికీ బతికే ఉన్నాయి. తీగ తెగనప్పుడు తీగ నుంచి వచ్చే రసాయనం ఎందుకు తగ్గిందని అనుకోవాలి? పదిహేనేళ్లుగా పక్షవాతం వచ్చినవారికి వ్యాయామం చేయిస్తున్నాను కనుక ఈ ప్రశ్న నాకు తేలిగ్గా కనిపించడం లేదు.

వరంగల్ కీళ్ల వైద్యుడు · సోమవారం, ఉదయం 7:55

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. విశ్రాంతికి పాత్ర లేదని నేను అనను. రెండూ కలిసే పనిచేస్తాయి. కానీ రెండో అభ్యంతరానికి జవాబు వెన్నుపాములో ఉంది. కీలు వాచినప్పుడు అక్కడి నుంచి వచ్చే సంకేతాల ఉధృతికి వెన్నుపాములోని నాడీ వలయాలు ఎంతగా రేగుతాయంటే, వచ్చిన దారినే, అంటే స్పర్శ నరాల గుండానే, విద్యుత్ తరంగాలను తిరిగి కీలు వైపు పంపిస్తాయి. దీన్ని డోర్సల్ రూట్ రిఫ్లెక్స్ అంటారు. 1990లలో ఎలుకల మోకాళ్ల మీద చేసిన ప్రయోగాల్లో స్పర్శ నరాలు వెన్నుపాములోకి చేరే వెనుక వేర్లను (డోర్సల్ రూట్‌లను) కోసేస్తే కీలు వాపు తగ్గింది. 2006లో మరో బృందం కీలును ముట్టకుండా వెన్నుపాము ద్రవంలోకి మందు ఎక్కించి, అక్కడి పీ-38 అనే ఎంజైమును అడ్డుకొని, పాదం కీళ్ల వాపునూ ఎముక అరుగుదలనూ తగ్గించి చూపింది. మెదడు నుంచి వెన్నుపాముకు దిగే ఆజ్ఞలు తెగిపోయినప్పుడు ఈ వలయాల తీరు మారుతుంది. రక్తనాళాలను అదుపు చేసే సానుభూతి నాడుల తీరు కూడా మారుతుంది. పడిపోయిన చెయ్యి చల్లగా ఉండటం మీరు రోజూ చూస్తూనే ఉంటారు. నరం తెగకపోయినా, నరం కొస నుంచి ఎప్పుడు, ఎంత వదలాలో చెప్పే పెత్తనం మారిపోతుంది.

మంచిర్యాల ఫిజియో · సోమవారం, ఉదయం 8:20

వెన్నుపాము నుంచి వెనక్కు వచ్చే తరంగాల సంగతి నాకు కొత్త. ఒప్పుకుంటున్నాను. విశ్రాంతి వాదనను మాత్రం పూర్తిగా వదులుకోను.

కరీంనగర్ ఇమ్యునాలజీ · సోమవారం, రాత్రి 8:30

సెమినార్‌కు పనికివచ్చేలా కొంచెం విపులంగా రాస్తాను. నేను కొన్నేళ్లు మాక్రోఫేజ్‌లను, అంటే సూక్ష్మజీవులను మింగే రోగనిరోధక కణాలను, పెంచి, వాటి మీద గ్రాహకాలను లెక్కించే పనిలో ఉన్నాను.

ముందు గ్రాహకం సంగతి. పండ్ల ఈగల్లో టోల్ అనే జన్యువు బూజు నుంచి రక్షణ ఇస్తుందని 1996లో జూల్స్ హాఫ్‌మన్ బృందం చూపింది. బ్యాక్టీరియా గోడలోని లిపోపాలీశాకరైడ్‌ను క్షీరదాల్లో పట్టేది టోల్-లైక్ రిసెప్టర్-4 (టీఎల్‌ఆర్-4) అని 1998లో బ్రూస్ బ్యూట్లర్ బృందం తేల్చింది. 2011 నోబెల్ బహుమతిలో సగం వీరిద్దరికే దక్కింది. మనుషుల్లో ఈ కుటుంబానికి 10 మంది సభ్యులున్నారు. టీఎల్‌ఆర్-2, టీఎల్‌ఆర్-4 వంటివి కణం పైపొర మీద ఉంటాయి. టీఎల్‌ఆర్-7, టీఎల్‌ఆర్-9 వంటివి కణం లోపలి సంచుల్లో ఉంటాయి.

ఇక్కడ కొందరికి ఒక సందేహం వస్తుంది: కీళ్లవాతం ఉన్న కీలులో బ్యాక్టీరియా లేదు కదా, మరి ఈ గ్రాహకానికి అక్కడ పనేమిటి? గ్రాహకం సూక్ష్మజీవినే కాదు, శిథిలమైన సొంత కణజాలాన్ని కూడా పట్టుకుంటుంది. దెబ్బతిన్న కీలులో తయారయ్యే టెనాసిన్-సి, చచ్చిన కణాల నుంచి కారే హెచ్‌ఎంజీబీ-1, తెగిన హయలురోనిక్ ఆమ్లం ముక్కలు టోల్ గ్రాహకాలను తట్టి లేపుతాయి. అవి మేలుకుంటే ఎన్‌ఎఫ్-కప్పా బి అనే ప్రోటీన్ కణ కేంద్రకంలోకి వెళ్లి టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-6 వంటి వాపు పెంచే సంకేత ప్రోటీన్‌లను తయారు చేయిస్తుంది. వాటివల్ల కీలు మరింత చెడుతుంది, చెడిన కీలు నుంచి మరిన్ని ముక్కలు రాలుతాయి. సూక్ష్మజీవి లేకుండానే మంట (ఇన్‌ఫ్లమేషన్) ఆరకపోవడానికి కారణం ఇదే.

ఇప్పుడు నరం. నా లెక్కలో ఈ చర్చకు కేంద్రం సబ్‌స్టెన్స్ పి కాదు, వాసోయాక్టివ్ ఇంటెస్టైనల్ పెప్టైడ్. దాన్ని వీఐపీ అంటారు. 1970లో సమీ సయీద్, విక్టర్ మట్ పంది పేగు నుంచి వేరు చేశారు. 28 అమైనో ఆమ్లాల గొలుసు. పేగు నాడుల్లోనూ, ఊపిరితిత్తుల నాడుల్లోనూ, కొన్ని రోగనిరోధక కణాల్లోనూ ఉంటుంది. ఎలుకల్లో కలిగించిన కీళ్లవాతాన్ని ఇది ఆపగలదని 2001లో స్పెయిన్ పరిశోధకులు చూపారు. ఆ దేశపు బృందాలే క్రోన్స్ వ్యాధిని పోలిన పేగు పూతను ఎలుకల్లో కలిగించి, వీఐపీ ఇస్తే పేగులోనూ దాని పక్కనున్న లింఫు గ్రంథుల్లోనూ పెరిగిపోయిన టీఎల్‌ఆర్-2, టీఎల్‌ఆర్-4 తిరిగి దిగివచ్చాయని 2005లో ప్రకటించాయి. కీళ్లవాతం ఉన్న మనుషుల కీలు పొర నుంచి తీసిన ఫైబ్రోబ్లాస్టులనే కణజాల కణాల్లోనూ వీఐపీ వల్ల టీఎల్‌ఆర్-4 తగ్గింది. తెల్లకణాలను కీలులోకి పిలిచే కీమోకైన్‌లూ తగ్గాయి.

గమనించవలసిన తేడా ఒకటుంది. స్టెరాయిడ్ వంటి మందు ప్రధానంగా మంట పుట్టించే జన్యువుల పనిని అణచివేస్తుంది. వీఐపీ ఆ పనితోపాటు, మంటకు మొదటి తలుపైన గ్రాహకాల సంఖ్యనే తగ్గిస్తుంది. తలుపులు తక్కువైతే బయట ఎంత తట్టినా లోపలికి చేరే చప్పుడు తగ్గుతుంది.

హనుమకొండ విద్యార్థిని · సోమవారం, రాత్రి 9:15

ధన్యవాదాలు సార్. ఒక్క సందేహం మిగిలింది. రక్తంలోకి ఎక్కించిన వీఐపీ ఒకటి రెండు నిమిషాల్లోనే సగానికి తగ్గిపోతుందని చదివాను. అంత త్వరగా పోయేది గంటల తరబడి, రోజుల తరబడి గ్రాహకాల సంఖ్యను ఎలా మార్చగలుగుతుంది?

కరీంనగర్ ఇమ్యునాలజీ · సోమవారం, రాత్రి 10:40

పెప్టైడ్ తానుగా కణంలోకి పోదు. కణం పైన ఉన్న వీపీఏసీ-1, వీపీఏసీ-2 అనే గ్రాహకాల మీద వాలుతుంది. దాంతో లోపల సైక్లిక్ ఏఎంపీ అనే సంకేత రసాయనం పెరుగుతుంది, ప్రోటీన్ కైనేజ్-ఏ అనే ఎంజైమ్ మేలుకుంటుంది. ఆ కైనేజ్ కదిలించిన మార్పులు పెప్టైడ్ కరిగిపోయాక కూడా సాగుతాయి. మనిషి రక్తంలోని మోనోసైట్‌లనే తెల్లకణాలకు బ్యాక్టీరియా లిపోపాలీశాకరైడ్ చూపిస్తే టీఎల్‌ఆర్-2, టీఎల్‌ఆర్-4 పెరుగుతాయి. వీఐపీ కలిపితే ఆ పెరుగుదల ఆగిపోతుందని 2007లో చూపారు. మోనోసైట్ మాక్రోఫేజ్‌గా మారడానికీ, గ్రాహకాలు పెరగడానికీ అవసరమైన పీయూ.1 అనే ప్రోటీన్ కేంద్రకంలోకి చేరకపోవడమే దానికి కారణంగా కనిపించింది. కణం ఒకసారి ఆ దారి తప్పితే దాని గ్రాహకాల లెక్క చాలాసేపు అట్లాగే ఉంటుంది.

పైగా శరీరంలో ఈ పెప్టైడ్ రక్తంలో ప్రయాణించి రావలసిన పని లేదు. నరం కొస, మాక్రోఫేజ్ పక్కపక్కనే ఉంటాయి. ఆ కొద్ది దూరానికి ఒక నిమిషం ఎక్కువ సమయమే.

ఇదే దారిలో నడిచే మరో పెప్టైడ్ సీజీఆర్‌పీ, 37 అమైనో ఆమ్లాలు. ఇది గ్రాహకం సంఖ్యను ముట్టకుండా, గ్రాహకం మోగిన తర్వాత జరిగే పనిని అడ్డుకుంటుంది: సైక్లిక్ ఏఎంపీ ద్వారా ఐసీఈఆర్ అనే అణచివేత ప్రోటీన్‌ను తెప్పించి టీఎన్‌ఎఫ్ జన్యువు మీద కూర్చోబెడుతుంది. సబ్‌స్టెన్స్ పి మాత్రం వ్యతిరేక దిశలో పోతుంది. మనిషి కణజాలంలో ఉండే మాస్ట్ కణాలనే రోగనిరోధక కణాల మీద టీఎల్‌ఆర్-2ను పెంచి, తర్వాత వచ్చే బ్యాక్టీరియా సంకేతానికి ఆ కణాలు మరింత గట్టిగా స్పందించేలా సిద్ధం చేస్తుంది. సీజీఆర్‌పీ, సబ్‌స్టెన్స్ పి రెండూ తరచుగా ఒకే నరం కొసలో, ఒకే సంచిలో ఉంటాయి. వాటిని మంచిది, చెడ్డది అని విడదీసి సెమినార్‌లో చెప్పకండి. ఏ కణం మీద ఏ గ్రాహకం ఉన్నదో, జబ్బు ఏ దశలో ఉన్నదో చూసి మాట్లాడాలి.

నర్సంపేట మిర్చి రైతు · మంగళవారం, ఉదయం 5:50

నేను డిగ్రీ వరకే చదివాను. మీరు రాసింది రెండుసార్లు చదివితే చాలావరకు అర్థమైంది. ఒక అనుభవం చెప్పాలనిపించింది.

మేము నాలుగెకరాల్లో మిరప వేస్తాం, కొంత చపాట, కొంత తేజ. కల్లంలో తాలు కాయ ఏరేటప్పుడు, తొడిమలు తీసేటప్పుడు ఆడవాళ్ల చేతులు మండుతాయి. తేజ కాయ ఏరిన రోజు మంట ఎక్కువ, చపాటకు అంత ఉండదు. నీళ్లతో కడిగితే తగ్గదు, కొబ్బరినూనె రాసుకుంటారు. నాకు అర్థం కానిది ఏమంటే, కారం తగిలింది రెండు వేళ్లకైతే ఎరుపు చేతి వెనుక దాకా పాకుతుంది. తగలని చోట ఎందుకు ఎర్రబడుతుంది? ఇంకొక సంగతి. కొత్తగా కూలికి వచ్చినవాళ్లు మొదటి రోజు ఏడ్చినంత పని చేస్తారు. పది రోజులు గడిస్తే వాళ్లకు అంత మంట ఉండదు. మా అమ్మకు ఇప్పుడు మంటే తెలియదు. ఎనుమాముల మార్కెట్‌లో హమాలీలు కూడా, మనం దగ్గుతో నిలబడలేని చోట, బస్తాలు మోస్తూ మాట్లాడుకుంటారు. మీరు చెప్పే నరం రసాయనానికీ దీనికీ సంబంధం ఉన్నదా?

వరంగల్ కీళ్ల వైద్యుడు · మంగళవారం, మధ్యాహ్నం 2:10

అన్నా, ఈ శాస్త్రం మొదలైందే మీరు అడిగిన ప్రశ్నతో. తగలని చోట ఎరుపు ఎందుకు పాకుతుందన్నదే మొదటి ప్రశ్న.

స్పర్శ నరాన్ని వెన్నుపాము దగ్గర మీటితే, అది పోయి చేరే చర్మంలో రక్తనాళాలు వెడల్పవుతాయని 1901లో విలియం బేలిస్ చూశాడు. 1927లో థామస్ లూయిస్ చర్మం గీతను వర్ణించాడు. మోచేతి లోపలి వైపు గోటితో గట్టిగా గీస్తే మొదట ఎర్ర గీత, తర్వాత దాని చుట్టూ పాకే ఎరుపు, ఆ తర్వాత ఉబ్బు వస్తాయి. ఆ పాకే ఎరుపు నరం పని. ఒకే నరం చర్మంలో కొమ్మలుగా చీలి ఉంటుంది. ఒక కొమ్మ కొసను కారం తాకితే పుట్టిన తరంగం చీలిక దాకా వెళ్లి, పక్క కొమ్మల్లోకి దిగి, అక్కడి కొసల నుంచి సబ్‌స్టెన్స్ పి, సీజీఆర్‌పీ వదిలిస్తుంది. వాటివల్లే రక్తనాళాలు తెరుచుకొని మీ ఆడవాళ్ల చేతి వెనుక ఎర్రబడుతున్నది. హంగరీకి చెందిన మిక్లోష్ యాంచో, నరం పూర్తిగా చచ్చిపోయిన చర్మం మీద ఇలాంటి మంట పదార్థాలు రాసినా ఎరుపు, ఉబ్బు రావని నిరూపించాడు.

మిరపలోని కాప్సైసిన్ పట్టుకునే గ్రాహకం టీఆర్‌పీవీ-1ను 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది, 2021లో ఆయనకు నోబెల్ వచ్చింది. కాప్సైసిన్ నూనెలో కరుగుతుంది, నీళ్లలో కరగదు. అందుకే కొబ్బరినూనె పనిచేస్తుంది. అలవాటు పడటం గురించి మీ అమ్మ గారి చేతులు చెప్పేది కూడా నిజమే. కాప్సైసిన్ పదేపదే తగిలితే నరం కొసలు స్పందించడం మానేస్తాయి, వాటిలో దాచుకున్న సబ్‌స్టెన్స్ పి తరిగిపోతుంది. నరాల నొప్పికి ఇచ్చే కాప్సైసిన్ మలాము, 8 శాతం కాప్సైసిన్ ఉన్న పట్టీ ఈ సూత్రం మీదే తయారయ్యాయి.

హనుమకొండ విద్యార్థిని · మంగళవారం, సాయంత్రం 6:30

చదివిన వెంటనే నా మోచేతి మీద గీసి చూశాను. గీత పదిహేను సెకన్లలో ఎర్రబడింది, అర నిమిషానికి దాని ఇరుపక్కలా రెండు వేళ్ల వెడల్పున గులాబీ రంగు పాకింది. మేనత్త చేతుల మీద మాత్రం గీయలేదు.

గోదావరిఖని రిటైర్డ్ · మంగళవారం, రాత్రి 8:00

బొగ్గుగనిలో ముప్పై రెండేళ్లు చేసి రిటైరయ్యాను. నాకు సోరియాసిస్ ఉంది. పదేళ్ల కిందట ఎడమ ముంజేయి మీద గాయమై ఒక నరం తెగింది. స్పర్శ లేని ఆ పట్టీ మేరకు సోరియాసిస్ మచ్చ మాయమై మళ్లీ రాలేదు. చుట్టూ ఉన్నది మాత్రం ఉంది. చూపించిన చోట నా మాట పట్టించుకోకుండా యాదృచ్ఛికం అన్నారు. ఆనాటి నుంచి నా మనసులో ఈ ప్రశ్న ఉండిపోయింది.

కరీంనగర్ ఇమ్యునాలజీ · మంగళవారం, రాత్రి 9:25

పెద్దాయనా, మీరు చెప్పింది యాదృచ్ఛికం కాదు. నరం తెగిన చోట సోరియాసిస్ మచ్చ మానిపోవడం వైద్య సాహిత్యంలో పలుమార్లు నమోదైంది.

మీ చేతి మీద జరిగినదాన్ని 2014లో ఎలుకల చర్మం మీద చూపించారు. ఇమిక్విమాడ్ అనే మలాము టీఎల్‌ఆర్-7ను మేల్కొలుపుతుంది, దాన్ని రోజూ రాస్తే ఎలుకకు సోరియాసిస్ వంటి పొలుసులు వస్తాయి. నొప్పి నరాలను ముందుగా తీసేసిన ఎలుకలకు అదే మలాము రాస్తే, గ్రాహకం అక్కడే ఉన్నా, మందు అందినా, పొలుసులు సరిగా రాలేదు. చర్మంలోని డెండ్రిటిక్ కణాలనే రోగనిరోధక కణాలు నొప్పి నరాలను ఆనుకొని ఉంటాయి. నరం సంకేతం లేకపోతే అవి వాపును ఎగదోసే ఇంటర్‌ల్యూకిన్-23ను తగినంత తయారు చేయవు. దాంతో ఇంటర్‌ల్యూకిన్-17 కూడా రాదు. టోల్ గ్రాహకం మోగితే చాలదు, నరం కూడా ఔను అనాలి.

అయితే దీనికి ఎదురు నిలిచే ప్రయోగం 2013 నాటిది, దాన్ని కూడా చెప్పకపోతే మీకు సగం సంగతే తెలుస్తుంది. స్టాఫిలోకాకస్ ఆరియస్ చీముపుండులో బ్యాక్టీరియా విడిచే పదార్థాలు నొప్పి నరాలనే నేరుగా కుడతాయి. అప్పుడు నరం రోగనిరోధక కణాలను పిలవడానికి బదులు అణచివేసింది. నొప్పి నరాలు లేని ఎలుకల్లో పుండు దగ్గరికి తెల్లకణాలు ఎక్కువగా చేరాయి. చర్మం ఒకటే, నరం ఒకటే. సోరియాసిస్‌లో ఎగదోసిన నరం చీముపుండులో వెనక్కి లాగింది.

సిరిసిల్ల పాఠకుడు · బుధవారం, ఉదయం 7:30

అంటే వీఐపీ వంటి పెప్టైడ్‌ను ఇంజెక్షన్‌గా ఇస్తే కీళ్లవాతం, పేగు పూత, అన్నీ తగ్గాలి కదా. 2001 నుంచి తెలిసిన సంగతి అయితే ఇన్నేళ్లుగా మందు ఎందుకు రాలేదు? కంపెనీలకు లాభం లేదనే కదా?

కరీంనగర్ ఇమ్యునాలజీ · బుధవారం, ఉదయం 10:15

కారణం లాభం ఒక్కటే అని అనుకుంటే శాస్త్రం చెప్పే మాట వినబడదు. మూడు అడ్డంకులు కనబడుతున్నాయి. రక్తంలో నిమిషాల్లో విరిగిపోతుంది. రక్తనాళాలను వెడల్పు చేస్తుంది కనుక ఎక్కువగా ఎక్కిస్తే రక్తపోటు పడిపోతుంది, నీళ్ల విరేచనాలు అవుతాయి. వీఐపీని అధికంగా ఊరించే కణితి ఉన్నవారిలో జరిగేది ఆ విరేచనాలే. మూడో అడ్డంకి నన్ను బాగా ఆలోచింపజేసింది. వీఐపీ జన్యువే లేని ఎలుకల్లో మంట మితిమీరాలని అందరం అనుకున్నాం. అవి మెదడు, వెన్నుపాము మీద వచ్చే స్వీయ రోగనిరోధక వ్యాధిని తట్టుకున్నాయి, లిపోపాలీశాకరైడ్ విషాన్నీ తట్టుకున్నాయి. బయటి నుంచి ఇచ్చిన వీఐపీ చేసే పని, పుట్టుకతోనే శరీరంలో ఉన్న వీఐపీ చేసే పని ఒకటి కావని అప్పుడు అర్థమైంది.

మనుషుల్లోనూ పరీక్షించారు. అవిప్టాడిల్ పేరుతో తయారైన వీఐపీని కోవిడ్ వల్ల ఊపిరితిత్తులు తీవ్రంగా దెబ్బతిన్నవారికి ఇచ్చిన పెద్ద పరీక్షలో ప్రయోజనం కనబడలేదు, 2022లో ఆపేశారు. అప్పుడు ఆ ఫలితం కోసం ఎదురుచూసినవాళ్లలో నేనూ ఉన్నాను.

జనగామ ఫార్మసిస్టు · బుధవారం, మధ్యాహ్నం 3:40

న్యూరోపెప్టైడ్‌ల సంగతి ప్రయోగశాలకే పరిమితం కాలేదని చెప్పడానికి రాస్తున్నాను. మందుల కౌంటర్ దగ్గర రోజూ ఎదురవుతుంది. ఎనలాప్రిల్, రామిప్రిల్ వంటి బీపీ మాత్రలు వాడేవారిలో కొందరికి కఫం లేని పొడి దగ్గు పట్టుకుంటుంది. ఆ మాత్ర అడ్డుకునే ఎంజైమే బ్రాడికైనిన్ అనే పెప్టైడ్‌నూ, సబ్‌స్టెన్స్ పినీ విరగ్గొడుతుంది. ఎంజైమ్ ఆగితే అవి శ్వాసనాళాల్లో పోగుపడి దగ్గు తెప్పిస్తాయి. నెలల తరబడి దగ్గు మందు సీసాలు తాగి, చివరకు బీపీ మాత్ర మారిస్తే వారాల్లో తగ్గినవాళ్లను చాలామందిని చూశాను. డాక్టరు చెప్పకుండా మాత్ర మాత్రం ఎవరూ ఆపకండి.

సబ్‌స్టెన్స్ పి వాలే ఎన్‌కే-1 గ్రాహకాన్ని మూసే మందులు నొప్పికి పనికివస్తాయని 1990లలో పెద్ద ఆశ ఉండేది. మనుషుల్లో నొప్పి తగ్గలేదు. అదే కోవకు చెందిన అప్రెపిటాంట్ 2003 నుంచి కీమోథెరపీ వాంతులకు వాడుకలోకి వచ్చింది, ఈరోజుకీ మేలు చేస్తున్నది. సీజీఆర్‌పీని అడ్డుకునే యాంటీబాడీలు 2018 నుంచి పార్శ్వపు తలనొప్పికి ఉన్నాయి. మెడలోని వేగస్ నాడిని చిన్న పరికరంతో ప్రేరేపించి కీళ్లవాతానికి చికిత్స చేసే పద్ధతికి అమెరికాలో 2025లో అనుమతి దొరికింది. అది పెప్టైడ్ కాకపోయినా, నరం నుంచి వాపును అదుపు చేయాలన్న ఆలోచన నుంచి వచ్చిందే.

హనుమకొండ విద్యార్థిని · శుక్రవారం, రాత్రి 8:50

సెమినార్ అయిపోయింది. సోరియాసిస్ ప్రయోగాన్నీ, చీముపుండు ప్రయోగాన్నీ ఒకే పటంలో ఎదురెదురుగా గీసి చూపించాను. ప్రశ్నలన్నీ ఆ పటం మీదే వచ్చాయి. గోదావరిఖని పెద్దనాన్న గారి చేయి సంగతి పేరు లేకుండా చెప్పాను. మిర్చి కల్లం సంగతి వినగానే తరగతిలో సగం మంది తమ ఇళ్లల్లో చూసినవి చెప్పడం మొదలుపెట్టారు.

నిన్న మేనత్తను కీళ్ల డాక్టర్ గారికి చూపించాం. రెండు చేతులకూ ఎక్స్‌రే తీయించారు. ఎడమ మణికట్టులో ఎముక అంచు కొంచెం తిన్నట్టు కనబడింది, కుడి చేతిలో వాపు వల్ల వచ్చిన నష్టమేమీ లేదు, ఎముక పలచబడింది అన్నారు. మెథోట్రెక్సేట్, ఫోలిక్ ఆమ్లం రాశారు. ఆ మందు మొదలుపెట్టాక కుడి చేతికి వ్యాయామం చేయిస్తే వాపు అటు కూడా వస్తుందేమోనని అత్త భయపడుతున్నది.

మంచిర్యాల ఫిజియో · శుక్రవారం, రాత్రి 9:20

ఆ భయంతో వ్యాయామం మానిపించవద్దు. కదలకపోతే కీలు బిగుసుకుపోతుంది, ఎముక ఇంకా పలచబడుతుంది. ఒకరు పట్టుకొని నెమ్మదిగా వేళ్లు, మణికట్టు, భుజం పూర్తి మేరకు కదిలించండి. నొప్పి పుట్టేంత లాగకండి. గాజులు మణికట్టును ఒత్తుతుంటే ఆ సమయానికి తీసి పక్కన పెట్టండి.

జనగామ ఫార్మసిస్టు · శుక్రవారం, రాత్రి 9:45

మెథోట్రెక్సేట్ వారానికి ఒక్క రోజే వేసుకోవాలమ్మా, రోజూ కాదు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. చీటీ మీద ఏ రోజు అని రాశారో చూడండి. ఆమె చదువుకోకపోతే ఆ రోజును ఇంట్లో ఇంకొకరు గుర్తుపెట్టుకోవాలి.

హనుమకొండ విద్యార్థిని · శుక్రవారం, రాత్రి 10:02

బుధవారం అని రాశారు. క్యాలెండర్‌లో బుధవారాలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. మాత్రల అట్టను బావ తన దగ్గర పెట్టుకున్నాడు.